వచనం ఒక్కటే చదివితే: బైబిలు చదివేవారు చేయవలసినవి, చేయకూడనివి

నల్లమల అంచున ఉన్న అచ్చంపేటలో వానకాలం పాముల భయం ఎట్లా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. పత్తి చేలో కలుపు తీసే ఆడవాళ్లకు, రాత్రిపూట మోటారు పెట్టడానికి పోయే రైతుకు, నేలమీద పడుకునే చెంచు పెంటల వాళ్లకు అది ఏటా ఉండేదే. ఇలాంటి చోట ఒక బైబిలు వచనాన్ని ఎలా చదువుతామన్నది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

మార్కు సువార్త 16వ అధ్యాయం 18వ వచనంలో, నమ్మినవాళ్లు పాములను ఎత్తి పట్టుకుంటారని, విషం తాగినా వాళ్లకేమీ కాదని అర్థం వచ్చే మాట ఉంది. అమెరికాలోని టెనెసీ కొండల్లో జార్జ్ వెంట్ హెన్‌స్లీ అనే బోధకుడు 1910 ప్రాంతంలో దీన్ని ఆజ్ఞగా తీసుకుని ఆరాధనలోనే విషసర్పాలను చేతపట్టడం మొదలుపెట్టాడు. 1955లో ఫ్లోరిడాలో పాముకాటుతోనే, వైద్యం వద్దని, చనిపోయాడు. 2014 ఫిబ్రవరిలో కెంటకీలో జేమీ కూట్స్ అనే పాస్టర్ కూడా అలాగే పోయాడు. అంబులెన్స్ ఇంటిదాకా వచ్చినా వద్దని తిప్పి పంపారు.

మన దగ్గర పాములు పట్టి ఆరాధన చేసే ఆచారం లేదు. కానీ అదే తీరు చదువు వేరే రూపాల్లో కనబడుతుంది. కాటు పడ్డ మనిషిని ప్రార్థన అయ్యేదాకా ఇంట్లోనే ఆపడం, ఫిట్స్ మాత్రలు మానిపించడం, దెబ్బలు తిని వచ్చిన బిడ్డను మళ్లీ ఆ ఇంటికే పంపడం, వలస కూలి తెచ్చుకున్న డబ్బును కానుక పేరుతో రాబట్టడం. అన్నిటికీ ఒక్కో వచనం చూపిస్తారు. ఆ వచనానికి పైన ఏముందో, కింద ఏముందో చూపించరు. తప్పు చదువుకు ఖరీదు కట్టేది కూడా చదివినవాడు కాదు. రోగి, భార్య, పిల్లలు, కూలిమనిషి కడతారు. అందుకే దీన్ని పండితుల చర్చగా కాకుండా భద్రతకు సంబంధించిన విషయంగా చూడాలి.

ముందుగా తెలుసుకోవలసిన రెండు సంగతులు

మొదటిది, బైబిలులో అధ్యాయాలు, వచనాల అంకెలు రాసినవాళ్లు పెట్టినవి కావు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం తొలి రోజుల్లో స్టీఫెన్ లాంగ్టన్ చేశాడని చెబుతారు. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల అంకెలు వేసినవాడు రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు, 1551లో. 1812లో సీరాంపూర్‌లో మొదటి మూడు సువార్తలు తెలుగులో అచ్చయ్యేనాటికి ఈ అంకెలు వచ్చి రెండున్నర శతాబ్దాలు దాటింది. అందుకే అవి పుస్తకంలో పుట్టినప్పటి నుంచీ ఉన్నట్టు మనకు అనిపిస్తుంది. పౌలు కొరింథు సంఘానికి రాసింది ఉత్తరం. ఉత్తరాన్ని ఎవరైనా మొదటి నుంచి చివరిదాకా చదువుతారు, మధ్యలో ఒక వాక్యం కత్తిరించి గోడకు పెట్టుకోరు.

ఈ గీతలు ఒక్కోసారి అర్థాన్నే మరుగు చేస్తాయి. రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ మార్కు 12వ అధ్యాయం చివర, 41 నుంచి 44వ వచనం దాకా ఉంది. కానుకల వేళ ఈ నాలుగు వచనాలు తరచూ వినబడతాయి. దానికి సరిగ్గా ముందు, 40వ వచనంలో, విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రుల మీద యేసు మండిపడ్డాడు. కథ అయిన వెంటనే, 13వ అధ్యాయం మొదట్లో, ఆ దేవాలయం రాయిమీద రాయి లేకుండా కూలిపోతుందన్నాడు. మూడూ కలిపి చదివితే ఆమె త్యాగం ఎంత గొప్పదో తెలుస్తుంది, ఆమెను ఆ స్థితికి తెచ్చినవాళ్లెవరో కూడా తెలుస్తుంది.

రెండోది, బైబిలులో ఉన్న ప్రతి మాటా దేవుడు పలికిన మాట కాదు. అందులో సాతాను మాటలున్నాయి, ఫరో మాటలున్నాయి, బుద్ధిహీనుడు తన మనసులో అనుకున్న మాట కూడా ఉంది. 14వ కీర్తన మొదటి వచనంలో దేవుడు లేడన్న మాట అక్షరాలా కనిపిస్తుంది. ఎవరన్నారో చదవకపోతే కీర్తనాకారుడే నాస్తికుడవుతాడు.

దీనికి మన ఇళ్లల్లోనే ఒక ఉదాహరణ ఉంది. యోబు గ్రంథం 8వ అధ్యాయం 7వ వచనం: మొదట్లో కొద్దిగా ఉన్నా చివరికి గొప్పగా వృద్ధి పొందుతావన్న మాట. తెలుగు క్రైస్తవుల దుకాణాల బోర్డుల మీద, క్యాలెండర్ల మీద, కొత్త ఇంటి గుమ్మాల మీద ఇంతగా కనబడే వచనాలు బహుశా తక్కువ. ఈ మాట అన్నది దేవుడు కాదు, యోబు స్నేహితుడు బిల్దదు. అదే అధ్యాయంలో మూడు వచనాలు పైకి పోతే, 4వ వచనంలో, అదే బిల్దదు యోబుతో ఏమంటున్నాడో చూడండి: నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే చచ్చారు. పదిమంది పిల్లలను ఒక్కరోజే పోగొట్టుకున్న తండ్రి ముఖం మీద అన్న మాట అది. దాని కొనసాగింపే ఈ వృద్ధి మాట: నువ్వు పవిత్రుడివైతే దేవుడు నిన్ను మళ్లీ నిలబెడతాడు, నీ కష్టానికి కారణం నీ తప్పే. ఇక చివరి అధ్యాయం, 42:7 చూస్తే, నా గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదని దేవుడే ఎలీఫజునూ అతని ఇద్దరు స్నేహితులనూ కోప్పడ్డాడు. ఆ ఇద్దరిలో ఒకడు బిల్దదు.

దుకాణం మీద ఆ వచనం ఉన్నంత మాత్రాన ఎవరికీ హాని లేదు. ఆ లెక్క ప్రకారం దుకాణం మూతబడినవాడు పాపి అయిపోతేనే హాని.

చేయవలసినవి

1. హద్దులు చూడండి. నాలుగు దిక్కులా హద్దులు చూడకుండా భూమి ఎవరమూ కొనం, కాగితంలో ఒక్క లైను చూసి బయానా ఇవ్వం. వచనానికీ అంతే. కనీసం పైన పది వచనాలు, కింద పది వచనాలు చదవండి. చిన్న పత్రికైతే మొత్తం చదవండి, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక అరగంట పని.

యిర్మీయా 29:11 తీసుకోండి. దేవుడు మేలు చేసే ఉద్దేశంతో ఉన్నాడు, నిరీక్షణ ఇస్తాడు అని పరీక్షలు రాసే పిల్లలకు, వీసా కోసం చూసేవాళ్లకు పంపుతుంటారు. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన ప్రజలకు యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాట. ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు అక్కడే ఉంటారని ఉంది. అంటే ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరిగి ఇల్లు చూడకుండానే పోతారు. 5వ వచనంలో అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నాడు. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగి వస్తారని చెప్పి ప్రజలను మెప్పించాడు, అది అబద్ధమని తేలింది. సందర్భం తెలిస్తే ఈ వచనం బలం తగ్గదు. ముంబైకో బెంగుళూరుకో కూలికి పోయి ఏళ్ల తరబడి తిరిగి రాలేని పాలమూరు కుటుంబానికి అది ఇంకా ఎక్కువ ధైర్యమిస్తుంది.

2. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో కనుక్కోండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా ఆ వచనాన్ని ఇంకొకరి మీద ప్రయోగించవద్దు. ఫిలిప్పీయులకు 4:13లో అన్నీ చేయగలనన్న పౌలు మాట జైల్లోంచి వచ్చింది. పై రెండు వచనాల్లో ఆకలితో ఉండటం, కడుపు నిండి ఉండటం, రెండూ నేర్చుకున్నానన్నాడు. అది ఓర్చుకునే శక్తి గురించి. క్రికెట్ మ్యాచ్ గెలవడం గురించో, చిట్టీ పాటలో నెగ్గడం గురించో కాదు.

3. అది ఏ రకం రచనో గమనించండి. చట్టం వేరు, పాట వేరు, సామెత వేరు, చరిత్ర వేరు, దర్శనం వేరు. సామెతల గ్రంథం 26వ అధ్యాయంలో 4వ వచనం మూర్ఖుడికి వాడి తీరులో జవాబు ఇవ్వొద్దంటుంది, 5వ వచనం ఇవ్వమంటుంది. పక్కపక్కనే పెట్టారంటే ఏది ఎప్పుడు పనికొస్తుందో చదివేవాడే తేల్చుకోవాలని. చరిత్ర భాగాల్లో జరిగింది రాస్తారు, జరిగినదంతా చేయమని కాదు. న్యాయాధిపతుల 11వ అధ్యాయంలో యెఫ్తా తొందరపడి మొక్కుకుని తన ఒక్కగానొక్క కూతురిని పోగొట్టుకున్నాడు. ఆ కథలో నేర్చుకోవలసింది మొక్కు తీర్చుకోవడం కాదు.

4. అదే సంగతి మీద మిగతా చోట్ల ఏముందో చూడండి. మత్తయి 4వ అధ్యాయంలో సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దేవదూతలు పట్టుకుంటారని 91వ కీర్తన ఎత్తి చెప్పాడు. యేసు ఆ కీర్తన అబద్ధమనలేదు. దేవుణ్ణి పరీక్షించకూడదన్న ద్వితీయోపదేశకాండము మాట పక్కన పెట్టాడు. ఒక వచనాన్ని ఇంకో వచనం వెలుగులో చదవడమంటే ఇదే. పాముల మాటకూ ఇలాంటి తోడు వచనం ఉంది. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో పౌలు మెలితే ద్వీపంలో చలిమంటకు పుల్లలు వేస్తుంటే పాము చేతికి చుట్టుకుంది, ఆయన దులిపేశాడు. వెతికి పట్టుకోలేదు. పైగా మార్కు 16వ అధ్యాయం 9 నుంచి 20 వచనాలు 4వ శతాబ్దానికి చెందిన రెండు ప్రాచీన ప్రతుల్లో, అంటే సినాయ్, వాటికన్ ప్రతుల్లో, లేనే లేవు. ఆ సంగతి అనేక ముద్రణల్లో పేజీ కిందనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు కూడా చదవండి.

5. ఏడాదికి ఒక్క పుస్తకమైనా మొదటి నుంచి చివరిదాకా చదవండి. సువార్తికుడు బఖ్త్ సింగ్ 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక స్నేహితుడి దగ్గర కొత్త నిబంధన తీసుకుని మత్తయి మొదటి పేజీ నుంచి వరుసగా చదువుకుంటూ పోయాడు. 1950లో హైదరాబాద్‌లో ఆయన హెబ్రోను సంఘం మొదలైంది ఆ చదువు నుంచే అనుకోవచ్చు. మార్కు సువార్త మొత్తం గట్టిగా చదివినా రెండు గంటలు పట్టదు. చదువు రానివాళ్లకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించవచ్చు, ఫోన్లో ఆడియో బైబిలు పెట్టవచ్చు. పాత ముద్రణ భాష కష్టమనిపిస్తే పక్కన వాడుక భాషలోని అనువాదం ఒకటి పెట్టుకోండి.

6. మర్యాదగా అడగండి. అపొస్తలుల కార్యములు 17:11లో బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పింది నిజమో కాదో రోజూ లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. అందుకు వాళ్లను ఘనులన్నారే గానీ తప్పు పట్టలేదు. మనమూ అడగవచ్చు: “పాస్టరయ్యా, ఆ వచనం పైన నాలుగు లైన్లు కూడా ఒకసారి చదువుతారా?” ఈ ఒక్క ప్రశ్న చాలు, వాదన అక్కర్లేదు. మంచి కాపరి దీనికి సంతోషిస్తాడు.

7. వాగ్దాన కార్డు తీసుకున్న రాత్రే ఆ అధ్యాయం చదవండి. డిసెంబరు 31న వాచ్ నైట్ ఆరాధనలో తట్టలోంచి కార్డు తీసుకోవడం మన సంఘాల్లో అందరికీ ఇష్టమైన ఆనవాయితీ. దాన్ని మానక్కర్లేదు. కార్డు మీద వచనం కింద అధ్యాయం మొత్తం చదవమని ఒక్క లైను వేయించమని సంఘ పెద్దలను అడగండి. ఏడాది పొడవునా నమ్ముకునే మాటను ఎవరన్నారో మొదటి రాత్రే తెలుసుకోవడం మంచిది.

చేయకూడనివి

1. వచనం చూపించి మందులు మానిపించవద్దు. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇది. దీనికి ఎక్కువగా వాడే వచనం 2 దినవృత్తాంతములు 16:12. ఆసా రాజు కాళ్ల జబ్బుతో ఉండి, దేవుడి దగ్గరికి పోకుండా వైద్యుల దగ్గరికి పోయాడని ఉంది. అధ్యాయం మొదటి నుంచి చదవండి. ఆసా దేవాలయంలోని వెండి బంగారాలు తీసి సిరియా రాజు బెన్హదదుకు పంపాడు, తప్పని చెప్పిన ప్రవక్త హనానీని జైల్లో వేశాడు, ప్రజలను బాధపెట్టాడు. అధ్యాయం తప్పుపడుతున్నది దేవుణ్ణి పక్కన పెట్టినందుకు. వైద్యుడి దగ్గరికి పోవడం పాపమని అందులో ఎక్కడా లేదు.

ఇక మిగతా బైబిలు ఏమంటుందో చూడండి. యెషయా 38:21లో హిజ్కియా రాజు పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని ప్రవక్తే చెప్పాడు. కొలొస్సయులకు 4:14లో లూకాను పౌలు ప్రియమైన వైద్యుడన్నాడు. 1 తిమోతి 5:23లో తిమోతి కడుపునొప్పికి కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, విశ్వాసం తక్కువైందని తిట్టలేదు. యాకోబు 5:14లో నూనె రాసి ప్రార్థించమన్న మాట ఉంది, మందు మానమన్న మాట లేదు. మన ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లు కూడా ఇలాగే అర్థం చేసుకున్నారు. మెనోనైట్ బ్రదరన్ మిషన్ నుంచి డాక్టర్ కాథరినా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945లో శంషాబాద్‌లో చనిపోయేదాకా వైద్యం చేస్తూనే ఉంది. జడ్చర్లలో ఆ మిషన్ ఆసుపత్రి కట్టింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్టు రోగుల ఆసుపత్రి నడిపింది. ప్రార్థన ఒక్కటే చాలనుకుని ఉంటే ఈ దవాఖానలు ఉండేవి కావు.

టీబీ మందులు పూర్తి కాలం వాడాలి. ఒంట్లో తేలిగ్గా ఉందని మధ్యలో మానితే జబ్బు మందులకు లొంగకుండా తిరగబడుతుంది. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. షుగర్, బీపీ, హెచ్ఐవీ మందులను కూడా డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. స్వస్థత కూటంలో బాగుపడ్డామని నమ్మకం కుదిరితే మంచిదే, మాత్ర ఆపేముందు రక్తపరీక్ష చేయించుకోండి. లూకా 17:14లో యేసు బాగుచేసిన కుష్టురోగులను కూడా పోయి యాజకులకు చూపించుకోమన్నాడు.

పాముకాటు సంగతి మరీ తొందరది. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేలమంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. కాటు పడ్డ కాలు, చేయి కదలనీయకండి. ఉంగరాలు, కడియాలు తీసేయండి. బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు పోండి, విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉచితం. ప్రార్థన అంబులెన్స్‌లో కూడా చేయవచ్చు.

2. జబ్బుపడ్డవాళ్లను, బిడ్డ పోయిన తల్లిని పాపులని తేల్చవద్దు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి, ఎవరి పాపం అని శిష్యులే అడిగారు. ఇతనిదీ కాదు, ఇతని తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు. యోబు స్నేహితులు చేసిన తప్పు మళ్లీ చేయవద్దు.

3. దెబ్బలకు వచనం అడ్డం పెట్టవద్దు. ఎఫెసీయులకు 5:22లో భార్యలు లోబడాలన్న మాట చదివేవాళ్లు దాని ముందు వచనం, 21, చదవరు. అందులో ఒకరికొకరు లోబడమని ఉంది. 25లో భర్త భార్య కోసం ప్రాణమిచ్చేంత ప్రేమించాలని, 28లో సొంత శరీరాన్ని చూసుకున్నట్టు చూసుకోవాలని ఉంది. విడాకులు దేవుడికి అసహ్యమని మలాకీ 2:16 చూపించి, దెబ్బలు తిన్న ఆడబిడ్డను సర్దుకుపొమ్మంటారు. అదే వచనం రెండో సగంలో హింస కూడా అసహ్యమని ఉంది. 14వ వచనంలో దేవుడు నిలదీస్తున్నది యవ్వనంలో పెళ్లాడిన భార్యకు ద్రోహం చేసిన భర్తను. పిల్లల సంగతీ అంతే. సామెతలు 13:24లోని బెత్తం గుర్తుపెట్టుకునేవాళ్లు, తండ్రులు పిల్లల మనసు విరిచేయవద్దన్న కొలొస్సయులకు 3:21 మరిచిపోతారు. బడిలో పిల్లలను కొట్టడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం.

4. కూలి డబ్బుకు వల వేయవద్దు, వలలో పడవద్దు. దశమభాగం తెస్తే ఆకాశపు తూములు తెరుస్తానన్న మలాకీ 3:10 అందరికీ కంఠతా. అయిదు వచనాలు పైన, 3:5లో, కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లకు, విధవరాలిని, తండ్రిలేని పిల్లలను బాధపెట్టేవాళ్లకు వ్యతిరేకంగా సాక్షిగా నిలబడతానని దేవుడన్నాడు. అదే గ్రంథం 1వ అధ్యాయంలో గుడ్డి, కుంటి పశువులను అర్పించే యాజకులకే మొట్టికాయలు పడ్డాయి. ద్వితీయోపదేశకాండము 14:28, 29 ప్రకారం మూడేళ్లకొకసారి ఆ దశమభాగం లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు పోవాలి. విత్తన కానుక పేరుతో వాడే 2 కొరింథీయులకు 9:6 కూడా అలాంటిదే. పౌలు ఆ డబ్బు సేకరించింది యెరూషలేములోని బీదల కోసం. డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా నమ్మకస్తులైన ఇంకొందరిని తోడు పంపుతున్నానని 8వ అధ్యాయంలో రాశాడు. కాబట్టి ఇవ్వండి, లెక్క కూడా అడగండి. అప్పు తెచ్చి ఇవ్వవద్దు. వాట్సాప్‌లో ప్రవచనం పంపి ఫోన్‌పే నంబరు ఇచ్చేవాళ్లకు అసలే పంపవద్దు.

5. ఎవరి మీదా బాణామతి ముద్ర వేయవద్దు. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన ఘటనలు ఉన్నాయి. దానికి మంత్రగత్తెను బతకనివ్వవద్దన్న నిర్గమకాండము 22:18ని తోడు తెచ్చుకోవద్దు. ఆ ఒక్క వచనం పేరుతో యూరప్‌లో వేలమందిని చంపారు. 1692లో అమెరికాలోని సేలంలో 19 మందిని ఉరితీశారు. తరవాత అయిదేళ్లకు ఆ న్యాయమూర్తుల్లో ఒకడైన శామ్యూల్ సూవల్ చర్చిలో అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. పోయిన ప్రాణాలు మాత్రం రాలేదు.

6. కులానికి వచనం వెతకవద్దు. ఎవరు ఏ స్థితిలో పిలవబడ్డారో అందులోనే ఉండాలన్న 1 కొరింథీయులకు 7:20 పట్టుకుని, పుట్టిన కులంలోనే ఉండమని అర్థం చెప్పేవాళ్లున్నారు. తరవాతి వచనమే, 21, విడుదల పొందే అవకాశముంటే దాన్ని వాడుకోమంటుంది. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, బీదవాడికి కాళ్ల దగ్గర చోటు ఇవ్వడం తప్పని యాకోబు 2వ అధ్యాయం సూటిగా అంటుంది. మీ సంఘంలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో ఈ అధ్యాయం చదివి ఒకసారి చూడండి.

7. ప్రశ్న అడిగినవాళ్ల నోరు మూయించవద్దు. నా అభిషిక్తులను ముట్టవద్దన్న 105వ కీర్తన 15వ వచనం పాస్టరు మీద ఫిర్యాదు వస్తే అడ్డు పెడుతుంటారు. ఆ కీర్తనలో అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు. కొద్దిమందిగా ఊరూరా తిరిగే పరదేశులైన వాళ్లకు కీడు చేయవద్దని దేవుడు రాజులను హెచ్చరించాడు. బలహీనులను బలవంతుల నుంచి కాపాడే మాట అది. దాన్ని తలకిందులు చేసి బలవంతుడికి డాలుగా ఇవ్వడం అన్యాయం. తీర్పు తీర్చవద్దన్న మత్తయి 7:1 కూడా ఇలాగే వాడతారు. అదే అధ్యాయం 15వ వచనం అబద్ధ ప్రవక్తల విషయంలో జాగ్రత్తపడమంటుంది.

8. లోకాంతం తేదీ నమ్మి ఇల్లూ భూమీ అమ్ముకోవద్దు. విలియం మిల్లర్ లెక్కలు నమ్మినవాళ్లు 1844 అక్టోబరు 22 కోసం ఎదురుచూశారు. హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. రెండు తేదీలూ మామూలుగానే గడిచాయి. కెన్యాలోని షకహోలా అడవిలో యేసును కలుసుకోవడానికి ఉపవాసం ఉండి చావమన్న బోధ విన్నవాళ్లలో 400 మందికి పైగా మృతదేహాలు 2023లో బయటపడ్డాయి. వాళ్లలో చిన్నపిల్లలు చాలామంది. ఆ రోజు, ఆ గడియ తనకు కూడా తెలియదని మార్కు 13:32లో యేసే అన్నాడు.

9. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ వచనాన్ని బట్టి పెళ్లి, ఆపరేషన్, అప్పు లాంటివి నిర్ణయించవద్దు. తెలిసినవాళ్లను అడగండి. ఎక్కువమంది ఆలోచన చెబితే పని నిలబడుతుందని సామెతల గ్రంథం కూడా అంటుంది.

సంఘ పెద్దలకు నాలుగు మాటలు

ప్రసంగానికి ముందు ఆ భాగం మొత్తం గట్టిగా చదివించండి, ఒక్క వచనంతో ఆపవద్దు. స్వస్థత సాక్ష్యం చెప్పేవాళ్లను మందులు కూడా వాడుతున్నారా అని అడిగి, వాడుతుంటే అది కూడా చెప్పమనండి. కానుకల లెక్క పుస్తకం ఎవరైనా చూడగలిగే చోట పెట్టండి. ఇంట్లో దెబ్బలు తిని వచ్చినవాళ్లను ప్రార్థనతో సరిపెట్టి పంపకండి, ఆ రాత్రికి క్షేమంగా ఉండే చోటు ముందు చూడండి.

హాని జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి

పాముకాటు, ఫిట్స్, ప్రసవం, ఏ అత్యవసరమైనా: 108.
ప్రాణభయం, దాడి, బాణామతి పేరుతో బెదిరింపు: 100 లేదా 112.
ఇంట్లో హింసకు గురయ్యే ఆడవాళ్లు: 181. 2005 గృహహింస నిరోధక చట్టం అన్ని మతాల ఆడవాళ్లకూ వర్తిస్తుంది.
పిల్లలను కొట్టడం, ఆకలికి మాడ్చడం, బడి మాన్పించడం: 1098.
మనసు బాగోలేకపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు, అతి ఉపవాసాలతో కుంగిపోవడం: 14416, టెలీ మానస్. తెలుగులో మాట్లాడవచ్చు.
ఆన్‌లైన్‌లో కానుక పేరుతో మోసపోతే: 1930. డబ్బు పోయిన గంటల్లోనే చెప్పడం ముఖ్యం.
ఉచిత న్యాయ సలహాకు: 15100.

ఈ నంబర్లను బైబిలు లోపలి అట్ట మీద రాసి పెట్టుకోండి. ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పాస్టరుది కూడా.